పది కోట్ల ఏళ్ల చీమకు గుర్తింపు పత్రం

ఒక పురుగు శాస్త్రలోకంలో గౌరవప్రదమైన స్థానం సంపాదించుకోవాలంటే మూడు షరతులు నెరవేర్చాలి. చెట్టు కార్చిన బంకలో పడి చావాలి. ఆ బంక అంబర్‌గా గట్టిపడి, నేలలో కూరుకుపోయి, కోట్ల సంవత్సరాలు గడిచేవరకు అందులోనే ఉండాలి. చివరగా, కొనగల స్తోమత ఉన్నవాడి కంట పడాలి. మయన్మార్ ఉత్తరాన కచిన్ రాష్ట్రంలోని హుకాంగ్ లోయలో సుమారు 9.9 కోట్ల సంవత్సరాల కిందట, డైనోసార్ల హయాంలో బతికిన చీమలు, ఈగలు, పెంకుపురుగులు, బొద్దింకలు మొదటి రెండు షరతులనూ ఏ ఫిర్యాదూ లేకుండా నెరవేర్చాయి. మూడోది వాటి చేతిలో లేదు. కాబట్టి అంబర్‌లో కొత్త జాతులను గుర్తించే శాస్త్రాన్ని కొనియాడదలచినవారు ముందుగా ఆ మూడో షరతు దగ్గర కాసేపు ఆగడం మర్యాద.

గుర్తింపు ప్రయోగశాలలో మొదలవుతుందని పామరులు అనుకుంటారు. నిజానికి అది దేశ సరిహద్దు దగ్గర మొదలవుతుంది. మయన్మార్ చట్టం ప్రకారం శిలాజాన్ని అనుమతి లేకుండా దేశం దాటించకూడదు. అంబర్ మాత్రం రత్నాల కోవలోకి వస్తుంది గనుక దాటించవచ్చు. ఈ రెండు నిబంధనలనూ ఏకకాలంలో గౌరవించడానికి ఒకటే మార్గం ఉంది: పురుగు సరిహద్దు దాటేవరకు నగలోని అలంకారంగా ఉండి, చైనాలోని యునాన్ రాష్ట్రంలో టెంగ్‌చోంగ్ బజారు చేరగానే శిలాజంగా మారిపోవాలి. ఇన్ని కోట్ల ఏళ్లుగా ఏ మార్పూ ఎరుగని ప్రాణి ఒక్క పూటలో ఇంతగా మారిపోవడాన్ని పరిణామ సిద్ధాంతం వివరించలేకపోయినా, కస్టమ్స్ శాఖకు మాత్రం అందులో వింతేమీ కనిపించలేదు.

ప్రయోగశాలకు చేరిన తరువాత జరిగే విచారణ మాత్రం, ఎవరు ఏమన్నా, కఠినమైనదే. రాయిని సన్నటి గరుకు కాగితంతో అరగదీసి, పురుగు ఒంటికి వెంట్రుకవాసి దూరంలో ఆపాలి. ఒక్క రాపిడి ఎక్కువైతే మీసం తెగుతుంది, మీసం తెగితే వంశం తేలదు. పైనున్న గీతలు కంటికి అడ్డం రాకుండా రాయిని పంచదార పాకంలోనో గ్లిజరిన్‌లోనో ముంచి సూక్ష్మదర్శిని కింద పెడతారు. మీసంలో ఎన్ని కణుపులున్నాయి, రెక్కలోని ఈనెలు ఎక్కడ చీలి ఎక్కడ కలిశాయి, పాదంలో ఎన్ని ముక్కలున్నాయి, మగ ఈగ అయితే దాని జననాంగాల ఆకారం ఏమిటి అని ఒక్కొక్కటీ నమోదు చేస్తారు. సంబంధం కలుపుకునే ముందు గోత్రమూ ప్రవరా ఆరా తీసే పెళ్లిపెద్ద కూడా ఇంత లోతుకు పోడు. గాలిబుడగ అడ్డుపడిందా, ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్ వంటి చోట ఉన్న, ఎలక్ట్రాన్లను మహావేగంతో పరిగెత్తించే భారీ యంత్రమైన సింక్రోట్రాన్‌కు తీసుకుపోయి, ఎక్స్‌రే కిరణాలతో లోపలి కండరాల దాకా చూస్తారు.

ఇంతటి విచారణలో అప్పుడప్పుడూ ప్రమాదాలు జరుగుతాయి. 1966లో అమెరికాలోని న్యూజెర్సీ తీరంలో ఫ్రే అనే దంపతులకు దొరికిన అంబర్ ముక్కలో రెండు చీమలు ఉండగా, ఆ రాయి హార్వర్డ్ చేరగానే చీమల శాస్త్రవేత్త ఇ.ఓ. విల్సన్ దాన్ని చేజార్చి రెండు ముక్కలు చేశారు; అదృష్టవశాత్తు ఒక్కో ముక్కలో ఒక్కో చీమ చెక్కుచెదరకుండా మిగిలిందని ఆయనే తరువాత రాసుకున్నారు. దవడలు కందిరీగవి, నడుము చీమది అయిన ఆ ప్రాణికి 1967లో స్ఫెకోమైర్మా ఫ్రేయీ అని నామకరణం జరిగింది. రాయిని ఏరినవారి పేరు చీమకు దక్కిన ఈ సంగతిని పాఠకులు గుర్తుంచుకోవలసిందిగా మనవి.

పురుగును ఇంతగా ప్రశ్నించే శాస్త్రం రాయిని మాత్రం ఎక్కువగా ఇబ్బంది పెట్టదు. లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియానికి 1922లో చేరిన ఒక బాల్టిక్ అంబర్ ముక్కలో ఈగ ఒకటి ఉండేది. జీవులను వంశక్రమంలో వర్గీకరించే ఆధునిక పద్ధతికి ఆద్యుడైన విలీ హెన్నిగ్ అంతటివాడు 1966లో దాన్ని పరిశీలించి, మరుగుదొడ్ల దగ్గర ఈనాడు కూడా తిరుగుతున్న జాతే కోట్ల ఏళ్ల కిందటా ఉండేదని ఒప్పుకున్నాడు. ఒక జాతి అంతకాలం ఏ మార్పూ లేకుండా ఉండటం ఆశ్చర్యమే గాని, మరుగుదొడ్ల వ్యవహారంలో మార్పు ఆలస్యంగా రావడం మనకు తెలియనిది కాదు. 1993లో ఆండ్రూ రాస్ అనే పరిశోధకుడు ఆ రాయిని పరిశీలిస్తుండగా, దీపం వేడికి ఈగ చుట్టూ ఒక పగులు కనిపించింది. ఎవరో 19వ శతాబ్దపు పనివాడు అంబర్‌ను రెండుగా కోసి, సగం తొలిచి, తాజా ఈగను పెట్టి మళ్లీ అతికించాడు. ఇక్కడ ఈగ ఎవరినీ మోసం చేయలేదన్నది న్యాయంగా చెప్పుకోవాలి. దాని రెక్కలు అసలువే, కాళ్లు అసలువే. దాన్ని ఎన్ని ప్రశ్నలడిగినా సరైన జవాబే వచ్చేది. దాదాపు డెబ్బై ఏళ్లు అడగకుండా మిగిలిపోయిన ప్రశ్నలన్నీ రాయికి సంబంధించినవి.

ఇక కొత్త జాతుల వేగం సంగతి. కచిన్ అంబర్ నుంచి 2018 ఒక్క ఏడాదిలోనే 300కు పైగా కొత్త జాతులు వెలువడగా, ఇప్పటికి ఆ జాబితా 2 వేలు దాటింది. జాతులు, ప్రజాతులు, కుటుంబాలు చాలక, 2016లో ఏలియనాప్టెరా పేరుతో కీటకాలలో ఏకంగా ఒక కొత్త క్రమాన్నే ప్రకటించారు. ఈగలన్నీ కలిసి ఒక క్రమం, సీతాకోకచిలుకలూ చిమటలూ కలిసి ఒక క్రమం అయిన చోట, ఒకే ఒక నమూనా ఆధారంగా క్రమస్థాయి పొందడం ఒంటరి పురుగుకు చిన్న విషయం కాదు. అది చాలదన్నట్టు, త్రికోణం తలతో గ్రహాంతరవాసిలా కనిపించే ఏథియోకారెనస్ కోసం మరో కొత్త క్రమం వెలసింది. తరువాతి పరిశోధకులు రెండింటినీ బొద్దింకల, గొల్లభామల బంధువర్గంలోకి దించేశారు. పత్రికల్లో మొదటి వార్త ఎంత పెద్దగా వచ్చిందో, ఈ దించివేత వార్త కూడా అంతే పెద్దగా వచ్చి ఉంటుందని నమ్మడానికి నాకు వ్యక్తిగతంగా ఏ అభ్యంతరమూ లేదు.

ఎక్కడ దొరికిందో కచ్చితంగా తెలిసిన, అంటే పుట్టిన ఊరు ఉన్న రాళ్లు లేవా అంటే, మన దేశంలోనే ఉన్నాయి. గుజరాత్‌లో సూరత్ దగ్గరి వస్తాన్ లిగ్నైట్ గనిలో దొరికిన అంబర్ వయసు 5 కోట్ల ఏళ్లకు పైమాటే. అది మన అడవుల్లోని గుగ్గిలం చెట్టు కుటుంబానికి చెందిన వృక్షాల బంక. క్లోరోఫామ్ వంటి ద్రావకంలో మెత్తబడి కరిగి, పురుగును పూర్తిగా బయటికి ఇచ్చేటంత ఉదారమైన అంబర్ అది. లక్నోలోని బీర్బల్ సాహ్ని పురాశాస్త్ర సంస్థ పరిశోధకులు కూడా పాలుపంచుకున్న బృందం 2010లో అందులోని 700కు పైగా కీటకాదుల వివరాలు ప్రకటించింది. ఆసియాను ఢీకొనక ముందు మన భూఖండం చాలాకాలం సముద్రంలో ఒంటరి ద్వీపంగా ప్రయాణించింది గనుక, ఆ పురుగులు మరెక్కడా లేని స్వచ్ఛమైన స్వదేశీ సంతతి అయి ఉంటాయని సిద్ధాంతం ఆశించింది. వాటికి యూరప్‌లో, ఆస్ట్రేలియాలో, మధ్య అమెరికాలో చుట్టాలు బయటపడ్డారు. గనిలో ఏ పొరలో దొరికాయో కాగితం మీద ఉండటం వల్ల రాయిని తప్పుపట్టే వీలు లేకపోయింది. నిందంతా పురుగులే మోయవలసి వచ్చింది.

హుకాంగ్ లోయకు ఆ బెడద లేదు. 1916లో కాకరెల్ అనే ఆచార్యుడు అమెరికాలోని కొలరాడోలో కూర్చుని అక్కడి అంబర్ పురుగులను వర్ణించిన నాటి నుంచి, లోయను చూడకుండా లోయ పురుగులను చూడటం ఒక సంప్రదాయంగా స్థిరపడింది. అక్కడ మనుషులు తమ ఒళ్లు పట్టేంత ఇరుకు గోతుల్లోకి దిగి రాళ్లు తీస్తారు. 2017లో సైన్యం గనుల ప్రాంతాన్ని స్వాధీనం చేసుకోగా వేలమంది ఊళ్లు విడిచిపోయారు. 2020లో వెన్నెముక గల ప్రాణుల శిలాజాలను అధ్యయనం చేసేవారి సంఘం, ఇటీవల కొన్న మయన్మార్ అంబర్‌పై పరిశోధనలను ప్రచురించవద్దని పత్రికలను కోరింది. వెన్నెముక లేని ప్రాణులను అధ్యయనం చేసేవారిలో చాలామంది అందుకు సమ్మతించలేదు. ఇందులో శ్లేషేమీ లేదు; శాస్త్రాలను అలాగే విభజించారు.

అదే 2017లో, అదే లోయ నుంచి, తల మీద లోహంతో గట్టిపడిన కొమ్ము ఉన్న చీమకు లింగ్వామైర్మెక్స్ వ్లాడీ అని పేరు పెట్టారు. శత్రువులను కొర్రు వేయించిన 15వ శతాబ్దపు వలాకియా (నేటి రొమేనియాలోని ప్రాంతం) రాజు వ్లాడ్‌కు ఇది గౌరవం. ఆయన ఆ చీమను చూడలేదు, ఆ లోయ పేరు వినలేదు, అక్కడ గొయ్యి తవ్వలేదు. కొమ్ముతో ఆహారాన్ని పొడిచే పద్ధతిలో పోలిక ఉందని అర్హత ఇచ్చారు. ఫ్రే దంపతుల తరహాలో, రాయిని భూమిలోంచి పైకి తెచ్చిన కచిన్ కూలీ పేరు కూడా ఎక్కడైనా కనబడాలని కొందరు సున్నిత హృదయులు అడగవచ్చు. పురుగుకు కాకపోయినా, మ్యూజియంలో ప్రామాణిక నమూనాకు పెట్టే చీటీ మీదనైనా ఆ పేరు రాయవచ్చు కదా అంటారు. సూచన మంచిదే గాని, చీటీ గోరంత ఉంటుంది. వ్లాడ్ గారి పేరు, వర్ణించిన పరిశోధకుల పేర్లు, సంవత్సరం, సేకరణ నంబరు రాసేసరికే అంచు వచ్చేస్తుంది. పెద్ద చీటీ అంటిద్దామంటే రాయి కప్పబడుతుంది. రాయి కప్పబడితే పురుగు కాళ్లు లెక్కపెట్టడం కష్టమవుతుంది.