మిగిలిన సొమ్ము ఎవరిది?

ఆన్‌లైన్ పందేల ఖాతా తెరవడానికి ఒకప్పుడు రెండు నిమిషాలు చాలేవి. ఫోన్ నంబరు కొట్టి, వచ్చిన ఓటీపీ వేసి, యూపీఐతో వంద రూపాయలు పంపితే ఆట మొదలయ్యేది. అదే ఖాతాలో మిగిలిన నాలుగైదు వేలు వెనక్కి తీసుకొని దాన్ని శాశ్వతంగా మూసేయాలనుకున్నవాడికి మాత్రం పాన్ కార్డు, ఆధార్, బ్యాంకు పాసుపుస్తకం, సెల్ఫీ, లొకేషన్, వాటన్నిటి తర్వాత ‘మీ అభ్యర్థన పరిశీలనలో ఉంది’ అనే ఒక్క వాక్యం ఎదురవుతాయి. 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం పొందిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పెట్టి ఆడే ఆటలన్నిటినీ నిషేధించి, ఆడించేవారికి మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా విధించింది. లోపలికి పోయే తలుపు ఆ విధంగా మూతపడింది. అప్పటికే లోపల ఉన్నవాడు తన సొమ్ముతో ఎలా బయటపడాలన్న సంగతిని మాత్రం కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల్లో పట్టించుకునేవారు తక్కువ.

పందెం రాయలసీమకు కొత్త కాదు. ప్రొద్దుటూరు, తాడిపత్రి పేర్లను మట్కా కేసుల వార్తల్లో చదివీ చదివీ మా పాఠకులకు విసుగు పుట్టి ఉంటుంది. అయితే మట్కా చీటీ రాసే బీటరు కంటికి కనిపించేవాడు. బాకీ పడితే టీ బంకు దగ్గర పట్టుకొని నిలదీయడానికి ఒక మనిషి ఉండేవాడు. అతణ్ని మెచ్చుకోవడం మా ఉద్దేశం కాదు. ఫోన్‌లోని ఖాతాకు ముఖం లేదని, మన డబ్బు ఎవరి దగ్గర ఉందో తెలియకుండానే అది మన డబ్బని నమ్ముతున్నామని గుర్తు చేయడమే మా ఉద్దేశం.

అనంతపురంలో ఇంజినీరింగ్ చదువుతూ అద్దె గదిలో ఉండే ఒక కుర్రవాణ్ని తలచుకుందాం. పరీక్ష ఫీజుకు ఇంటినుంచి వచ్చిన డబ్బులో సగం ఆటకు పోయింది, ఆరు వేలు ఖాతాలో మిగిలాయి. రాత్రి పదకొండు గంటలకు మనసు గట్టి చేసుకొని ఆ ఆరు వేలు బ్యాంకుకు పంపమని నొక్కుతాడు. తెరమీద ‘పెండింగ్’ అని వస్తుంది. దాని పక్కనే, అంతకంటే పెద్ద అక్షరాలతో, ‘రద్దు చేసి ఆట కొనసాగించండి’ అనే మీట వెలుగుతూ ఉంటుంది. పోగొట్టుకున్నచోటే వెతుక్కోవాలన్న సామెత మన పెద్దలు పడిపోయిన ఉంగరం గురించి చెప్పారు గానీ పందెం గురించి కాదు; కానీ ఆ వేళకు అతని చెవిలో మోగేది అదే. తెల్లవారేసరికి పెండింగ్ మాయమవుతుంది, ఆరు వేలూ మాయమవుతాయి. ఒకసారి వెనక్కి అడిగిన సొమ్మును మళ్లీ ఆటలోకి లాగే వీలుండడం పొరపాటున జరిగింది కాదని, ఆ మీటను అక్కడ కావాలనే పెట్టారని మేము భావిస్తున్నాం.

మన జిల్లాలకు ప్రత్యేకమైన చిక్కు ఇంకొకటి ఉంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2020లోనే గేమింగ్ చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ పందేలను నిషేధించింది. తుంగభద్ర దాటితే వచ్చే తెలంగాణలో 2017 నుంచే నిషేధం ఉంది. అందువల్ల ఇక్కడివారు చాలామంది బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నప్పుడో, బళ్లారిలోని బంధువుల చిరునామాతోనో ఖాతాలు తెరిచారు. సొంతూరికి వచ్చి యాప్ తెరిస్తే లొకేషన్ చూసి అది అడ్డుపడుతుంది. దొంగ లొకేషన్ పెట్టి లోపలికి వెళితే, నిబంధన ఉల్లంఘించారంటూ ఉన్న సొమ్మును బిగబట్టడానికి సంస్థకు సాకు దొరుకుతుంది. స్నేహితుడి యూపీఐతో డబ్బు వేసి, తండ్రి పాన్ కార్డుతో ఖాతా నడిపినవారి గతి మరీ అధ్వానం. ఎందుకంటే ఖాతాదారు పేరు, బ్యాంకు ఖాతా పేరు ఒకటైతే తప్ప సొమ్ము తిరిగి రాదు. అలాంటివారు దొంగదారులు వెతక్కుండా, ఎవరి పేరున ఖాతా ఉందో వారితో నిజం చెప్పి, వారి బ్యాంకు ఖాతాకే సొమ్ము తెప్పించుకోవడం మేలు. ఇంట్లో తిట్లు తప్పవు గానీ డబ్బు చేతికొస్తుంది.

కొత్త చట్టం రాగానే పేరున్న పెద్ద సంస్థలు డబ్బు ఆటలను ఆపేసి, మిగిలిన నిల్వలను వెనక్కి తీసుకోవచ్చని ప్రకటించాయి. ఆ అవకాశాన్ని వాడుకునేవారు ముందు సొమ్ము తీసుకొని, అది బ్యాంకులో పడ్డాకే ఖాతా మూసివేత కోరాలి. లావాదేవీల పట్టికను ముందే దాచుకోవాలి, యూపీఐ యాప్‌లో ఆటోపే (దానంతటదే డబ్బు కోసే ఏర్పాటు) ఉంటే రద్దు చేయాలి. ఫోన్‌లోంచి యాప్ తీసేస్తే ఖాతా మూసినట్టు కాదు. బోనస్‌గా చూపే మొత్తం చాలావరకు ఆడితేనే దక్కే సొమ్ము కాబట్టి దానికోసం ఒక్క రోజు కూడా ఆగవద్దు.

పన్ను విషయంలో మాత్రం కాస్త వివరంగా చెప్పాలి, మోసాలు ఎక్కువగా జరిగేది అక్కడే. 2023 ఏప్రిల్ 1 నుంచి ఆన్‌లైన్ ఆటల్లో వచ్చిన నికర గెలుపుమీద 30 శాతం పన్నును సంస్థే కోసి మిగతాది ఇవ్వాలి. నికర గెలుపు అంటే వెనక్కి తీసుకున్న మొత్తంలోంచి, మనం వేసిన డబ్బునూ ఏడాది మొదట్లో ఉన్న నిల్వనూ తీసేయగా మిగిలేది. ఏడాదిలో 20 వేలు వేసి 50 వేలు తీసుకున్నవాడికి, పాత నిల్వ ఏమీ లేకపోతే, 30 వేల మీద 9 వేలు పన్ను పడుతుంది. 20 వేలు వేసి, పోగా మిగిలిన 6 వేలు తీసుకునేవాడికి గెలుపే లేదు కనుక పన్నూ లేదు. మార్చి 31 నాటికి తీసుకోకుండా ఉంచిన గెలుపుమీద కూడా ఇదే లెక్కన కోత ఉంటుంది. గమనించాల్సింది ఒక్కటే: అసలు పన్ను వచ్చే సొమ్ములోంచి కోసేదే గానీ, ముందుగా మనల్ని కట్టమనేది కాదు. ‘మీ రెండు లక్షలు సిద్ధంగా ఉన్నాయి, పన్ను కింద ముప్పై వేలు పంపితే విడుదల చేస్తాం’ అని ఎవరైనా అన్నారంటే ఆ రెండు లక్షలు లేవు, ముప్పై వేలు మాత్రం పోతాయి.

పందేల సైట్లలోకి వెళ్లడానికి వాట్సాప్‌లో ‘ఐడీ’ ఇచ్చే క్రికెట్ పందేల ఏజెంట్ల సంగతి ఈ కోవలోదే. విదేశాల్లో ఎక్కడో నడిచే ఆ సైట్లలో కనిపించే నిల్వ తెరమీది అంకె మాత్రమే. ఒకవేళ ఏజెంటు నిజంగానే చెల్లించినా, అది వేరెవరో అమాయకుడి పేరున తెరిచిన అద్దె ఖాతాలోంచి రావచ్చు. ఆ ఖాతామీద ఎక్కడో సైబర్ ఫిర్యాదు నమోదై ఉంటే, సొమ్ము అందుకున్నవాడి బ్యాంకు ఖాతా కూడా స్తంభించిపోవచ్చు. అందులో జీతం ఉన్నా, శనక్కాయలు అమ్మిన డబ్బు ఉన్నా అంతే. ఇలాంటిచోట నిల్వ మీద ఆశ వదులుకొని, ఇంకొక్క రూపాయి పంపకుండా, మోసపోయినట్టయితే లావాదేవీ తాలూకు 12 అంకెల యూటీఆర్ నంబరుతో వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయాలి. ఎంత ఆలస్యమైతే ఆ సొమ్ము అన్ని ఖాతాలు మారిపోతుంది.

ఇక్కడే ప్రభుత్వం ముందు ఒక ప్రశ్న ఉంచుతున్నాం. కేంద్ర చట్టం ఆడేవాణ్ని బాధితుడిగా చూసి శిక్షనుంచి మినహాయించింది. 2020లో రాష్ట్రం తెచ్చిన సవరణ ప్రకారం ఆడేవాడికి కూడా ఆరు నెలల వరకు జైలు ఉంది. మోసపోయిన మనిషి పోలీసు స్టేషన్ మెట్లు ఎక్కాలంటే ముందు తన తప్పు ఒప్పుకోవాలి. ఒప్పుకుంటే ఏమవుతుందోనన్న భయంతోనే చాలామంది గడప దగ్గరే ఆగిపోతారు. ఆ భయమే ఏజెంట్లకు పెట్టుబడి. ఖాతా మూసుకోవడానికో, సొమ్ము రాబట్టుకోవడానికో ముందుకొచ్చే ఆటగాడిపై కేసు పెట్టబోమని రాష్ట్ర హోం శాఖ రాతపూర్వకంగా ప్రకటించాలి. కర్నూలు, అనంతపురం, కడప ఎస్పీ కార్యాలయాల్లో ఇందుకోసం వారానికి ఒక పూట కేటాయించినా చాలు. అప్పుల ఒత్తిడితో నలిగిపోతున్నవారు మానసిక సహాయం కోసం ఫోన్ చేయగల టెలీ మానస్ నంబరు 14416ను కూడా అదే కాగితంలో అచ్చువేయాలి. ఆ కాగితం ఇంగ్లిషు జీవోగా వెబ్‌సైట్‌లో పడి ఉండకుండా, తెలుగులో, పెద్ద అక్షరాలతో, గ్రామ సచివాలయం గోడమీద రేషన్ జాబితా పక్కన కనిపించాలి.