చెరువు సంగతి తూనీగకు తెలుసు

తొలకరి పడ్డ మర్నాడు చేలో ఎర్రటి మఖమల్ ముక్కల్లాంటి ఆరుద్ర పురుగులు కనబడితే రైతుకు ధైర్యం వచ్చేది. నిజానికి అది కీటకం కాదు, ఎనిమిది కాళ్లతో సాలీడుకు చుట్టం. అయినా నేల పదునెక్కిందని దాన్ని చూసే పోల్చుకునేవారు. పురుగును చూసి నేల సంగతి, నీటి సంగతి గ్రహించడం మనకు కొత్త కాదు. ఆ చూపును ప్రభుత్వ పరీక్షల్లోకి ఎందుకు తీసుకురావడం లేదన్నదే మా ప్రశ్న.

చెరువు నీటిని సీసాలో పట్టి ల్యాబుకు పంపితే ఆ పూట నీళ్లెలా ఉన్నాయో తెలుస్తుంది. రాత్రిపూట ఓ ట్యాంకర్ రసాయన వ్యర్థాలు వదిలి వెళ్లిపోతే, వారం తర్వాత పట్టిన సీసాలో దాని జాడ ఉండకపోవచ్చు. నీళ్లలోనే పెరిగే పురుగు తప్పించుకుని ఎక్కడికి పోతుంది? తూనీగ పిల్లదశంతా నీటిలోనే గడుస్తుంది. కొన్ని జాతులకు వారాలు, కొన్నిటికి ఏళ్లు. గట్టు పక్క నాచులో జల్లెడ ముంచి, పైకి తీసి, తెల్ల పళ్లెంలో దులిపి చూడండి. బురద రంగులో, రెక్కల్లేని తూనీగ పిల్ల కదలకుండా కూర్చుని ఉంటుంది. దోమ పిల్ల దగ్గరికొస్తే కింది పెదవిని చెయ్యిలా చాచి టక్కున లాక్కుంటుంది. అదే పళ్లెంలో ఎర్రటి దారప్పోగుల్లాంటి పురుగులు తప్ప మరేమీ లేకపోతే భయపడాల్సిందే. వాటి ఒంట్లో హిమోగ్లోబిన్ ఉంటుంది కనుక ఆక్సిజన్ అడుగంటిన మురుగులోనూ బతుకుతాయి. అంటే ఎన్ని పురుగులున్నాయన్నది కాదు, ఏ పురుగులున్నాయన్నది చూడాలి.

ఇలా చూడటానికి పద్ధతి కూడా సిద్ధంగానే ఉంది. నీటి అడుగున బతికే జీవుల్ని బట్టి నీటిని ఎ (A) నుంచి ఇ (E) దాకా అయిదు తరగతులుగా విభజించే ప్రమాణాలను కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ఎప్పుడో రూపొందించింది. మన చెరువుల గురించి జనానికి చెప్పేటప్పుడు మాత్రం ఆ మాటే వినిపించదు.

వరసగా లెక్క పెడితే ఏం తెలుస్తుందో జర్మనీ చూపించింది. అక్కడి క్రెఫెల్డ్ నగరానికి చెందిన కీటక పరిశీలన ఔత్సాహికులు 63 రక్షిత ప్రాంతాల్లో 27 ఏళ్లపాటు గుడారాల్లాంటి వలలు కట్టి, పడ్డ పురుగుల్ని తూకం వేశారు. ఎగిరే కీటకాల బరువు 76 శాతం తగ్గిందని 2017లో తేలింది. మరుసటి ఏడాదే యూరోపియన్ యూనియన్, తేనెటీగలకు హాని చేస్తున్నాయని ఇమిడాక్లోప్రిడ్ సహా మూడు పురుగుమందులను ఆరుబయట పొలాల్లో వాడకుండా నిషేధించింది. మన పత్తి, మిరప రైతులకు ఇమిడాక్లోప్రిడ్ పేరు కొత్తేమీ కాదు. మన పొలాల్లో ఏ పురుగు మిగిలిందో, ఏది పోయిందో చెప్పే అలాంటి లెక్క మనకేదీ?

రెండు రాష్ట్రాల కాలుష్య నియంత్రణ మండళ్లు పెద్ద చెరువులన్నిటిలో ఏటా రెండుసార్లు పురుగుల లెక్క తీయించి తెలుగులో ప్రకటించాలి. జల్లెడ, పళ్లెం, భూతద్దం కొనడానికి నిధుల టెన్షన్ ఏముంది? డిగ్రీ కాలేజీల జంతుశాస్త్ర విద్యార్థులకు శిక్షణ ఇస్తే ఉత్సాహంగా చేస్తారు.

మరో మాట. ఎదిగిన తూనీగ పిల్ల నీళ్లలోంచి గడ్డికాడ పట్టుకుని పైకెక్కి, ఆ కాడ మీదే వీపు చీల్చుకుని రెక్కలతో బయటికొస్తుంది. సుందరీకరణ పేరుతో చెరువు చుట్టూ సిమెంటు గోడ కడితే అది ఎక్కడ ఎక్కాలి? ఇకపై మంజూరు చేసే ప్రతి ప్లానులో ఒక వైపు గట్టునైనా తుంగతో, గడ్డితో అలాగే వదిలేయాలి.