హై ఎల్ఫ్ సైన్యానికి నడుము ఫీనిక్స్ గార్డే: లెక్కలు చూసి మాట్లాడండి

2015లో ఏజ్ ఆఫ్ సిగ్మార్ అనే కొత్త ఆట వచ్చి, బొమ్మల సైన్యాలతో, పాచికలతో బల్ల మీద ఆడే వార్‌హామర్ ఫాంటసీని పక్కకు నెట్టేసింది. 2024 జనవరిలో ఆ పాత ఆటకి కొత్త రూపమైన ది ఓల్డ్ వరల్డ్ రావడంతో అటక మీది ఎల్ఫ్ బొమ్మలన్నీ మళ్ళీ కిందికి దిగాయి, వాటితో పాటు పాత వాదనా దిగింది: హై ఎల్ఫ్ సైన్యంలోని మూడు మేటి యూనిట్లలో ఏది గొప్ప? స్వార్డ్‌మాస్టర్లా, వైట్ లయన్లా, ఫీనిక్స్ గార్డా? "స్వార్డ్‌మాస్టర్లకి రెండేసి అటాక్స్, ఇంకేం కావాలి?" అని తేల్చేసేవాళ్ళే ఎక్కువ. ఈ తీర్పుతో నాకు గట్టి పేచీ ఉంది. ఇక్కడి అంకెలన్నీ పాత ఫాంటసీ 8వ ఎడిషన్‌వి, 2013 ఆర్మీ బుక్‌లోవి. ఓల్డ్ వరల్డ్ రూల్స్ వేరు, వీటిని అక్కడికి మోసుకెళ్ళకండి.

ముందు బొమ్మల సంగతి. మూడు యూనిట్లకీ టఫ్‌నెస్ 3 (దెబ్బ తట్టుకునే గట్టిదనం), ఊండ్ ఒకటే (ఒక్క గాయంతో చస్తాడు), హెవీ ఆర్మర్‌తో 5+ సేవ్ (పాచిక మీద 5 లేదా 6 పడితే గాయం తప్పుతుంది; దెబ్బ బలం పెరిగేకొద్దీ ఈ రక్ష తగ్గుతుంది). స్వార్డ్‌మాస్టర్ ధర 13 పాయింట్లు: వెపన్ స్కిల్ 6, రెండు అటాక్స్, పెద్ద కత్తితో స్ట్రెంగ్త్ 5. వైట్ లయన్ కూడా 13: స్కిల్ 5, ఒక్క అటాక్, గొడ్డలితో స్ట్రెంగ్త్ 6, పైగా స్టబర్న్ (పోరులో ఓడినా ధైర్యం తగ్గదు). ఫీనిక్స్ గార్డ్ 15: స్కిల్ 5, ఒక్క అటాక్, హాల్బర్డ్ అనే పొడుగు పిడి గొడ్డలితో స్ట్రెంగ్త్ 4, ఇనీషియేటివ్ 6 (ఇది ఎక్కువున్నవాడు ముందు కొడతాడు), లీడర్‌షిప్ 9 (పారిపోకుండా నిలబడే ధైర్యం), వీటన్నిటి మీదా 4+ వార్డ్ సేవ్ (ఆర్మర్ ఆపలేకపోయినా మిగిలే రెండో రక్ష, ఎంత బలమైన దెబ్బకీ తగ్గదు). కాగితం మీద చూస్తే ఫీనిక్స్ గార్డ్ చప్పగానే కనిపిస్తుంది. చాలామంది అక్కడే ఆగిపోతారు.

చాలామంది మర్చిపోయే రూల్ ఒకటుంది. ఎల్ఫులకి ఎప్పుడూ ముందు కొట్టే హక్కు ఉంది. రెండు చేతులతో పట్టే ఆయుధానికి చివర కొట్టాలనే శిక్ష ఉంది. రెండూ కలిస్తే రద్దయిపోతాయి. అంటే స్వార్డ్‌మాస్టర్లు, వైట్ లయన్లు తమ ఇనీషియేటివ్ 5 దగ్గరే కొడతారు, ఆ హక్కుతో వచ్చే రీరోల్ (తప్పిన దెబ్బలకి పాచిక మళ్ళీ వేయడం) ఉండదు. ఫీనిక్స్ గార్డ్‌కి హాల్బర్డ్ కాబట్టి ముందు కొట్టే హక్కు చెక్కుచెదరదు, ఇనీషియేటివ్ 6 పుణ్యమా అని దాదాపు అందరి మీదా రీరోల్ దొరుకుతుంది.

ఇప్పుడు గట్టి శత్రువునే తెద్దాం. కేయాస్ అనే దుష్టశక్తుల సైన్యంలో హాల్బర్డ్ పట్టిన కేయాస్ వారియర్లు, 18 మంది, ఆరుగురు చొప్పున మూడు వరసలు. వాళ్ళ ఇనీషియేటివ్ కూడా 5. మన వైపు ఏ యూనిట్ అయినా 21 మంది, ఏడుగురు చొప్పున మూడు వరసలు. మార్షల్ ప్రావెస్ అనే హై ఎల్ఫ్ రూల్ వల్ల మూడో వరస కూడా పోట్లాడుతుంది. యూనిట్ నాయకుడైన ఛాంపియన్‌కి ఉండే అదనపు అటాక్ వదిలేద్దాం.

స్వార్డ్‌మాస్టర్లు: ముందు వరసకి రెండేసి, వెనక రెండు వరసలకి ఒక్కోటి, మొత్తం 28 అటాక్స్. 3+తో తగిలేవి 18.7, 3+తో గాయాలు 12.4, 6+ సేవ్ పోను చచ్చేది 10.4. అద్భుతమే. కానీ ఇనీషియేటివ్ సమానం కాబట్టి వారియర్లు అదే క్షణంలో తిరిగి కొడతారు: 18 అటాక్స్, 9 తగులుతాయి, 7.5 గాయాలు, మనకి సేవ్ లేదు. ఏడెనిమిది మంది పోయినట్టే.

వైట్ లయన్లు: 21 అటాక్స్, 8.75 చంపి 7.5 పోగొట్టుకుంటారు.

ఫీనిక్స్ గార్డ్: 21 అటాక్స్, రీరోల్‌తో 15.75 తగులుతాయి, సగం గాయాలు, 5+ సేవ్ పోను చచ్చేది 5.25. తిరిగి తగిలే 7.5 గాయాల్లో వార్డ్ సగం ఆపేస్తుంది, పోయేది 3.75.

చంపినదాన్ని పోయినదానితో భాగించండి. స్వార్డ్‌మాస్టర్లకి 1.38, వైట్ లయన్లకి 1.17, ఫీనిక్స్ గార్డ్‌కి 1.4. ఒక్క రౌండ్ గెలవడానికి స్వార్డ్‌మాస్టర్లు దాదాపు 98 పాయింట్లు తగలేశారు, ఫీనిక్స్ గార్డ్ 56తో సరిపెట్టింది. రెండో రౌండ్‌కి 13 మందితో దిగుతారా, 17 మందితోనా? మొదటి రౌండ్‌లోనే శత్రువు పారిపోతే స్వార్డ్‌మాస్టర్లే గొప్ప, ఒప్పుకుంటాను. కానీ పక్కన జనరల్, ఆర్మీ జెండా ఉన్న కేయాస్ యూనిట్ అంత తేలిగ్గా పారిపోదు.

పైగా ఇది ఒక్క బొమ్మా పోకుండా అక్కడిదాకా చేరితే వచ్చే లెక్క. డ్వార్ఫులతో ఆడి చూడండి. రెండు టర్న్‌లు కలిపి స్ట్రెంగ్త్ 4 క్రాస్‌బో బాణాలు 24 తగిలాయనుకుంటే 16 గాయాలు. స్వార్డ్‌మాస్టర్లకి 6+ ఆర్మర్, ఆ పైన బాణాల మీద మాత్రమే పనిచేసే 6+ వార్డ్: 11 మంది పోతారు. సింహం తోలు కప్పుకున్న వైట్ లయన్లకి 4+ సేవ్, పోయేది 8. ఫీనిక్స్ గార్డ్‌లో ఆరేడుగురు. పది మందికి దిగిన స్వార్డ్‌మాస్టర్లకి ర్యాంక్ బోనస్ (వెనక వరసల వల్ల పోరు లెక్కలో కలిసొచ్చేది) ఉండదు, ఇంకో గట్టి దెబ్బ తగిలితే ముగ్గురు మిగులుతారు. "తెరచాటున తీసుకెళ్తాం" అంటారు, అంటే ముందు ఇంకో యూనిట్‌ని అడ్డం పెట్టి. మంచిదే, కానీ ఆ తెరకయ్యే పాయింట్లు కూడా ఈ యూనిట్ ఖాతాలోనే రాసుకోవాలి కదా!

వైట్ లయన్ల గురించి న్యాయంగా మాట్లాడాలి. కవచం మందంగా ఉన్న చోట వాళ్ళకి పోటీ లేదు. 1+ సేవ్ ఉన్న కేయాస్ నైట్ల మీద ఒక్కో అటాక్‌తోనే 4.4 చంపుతారు. స్వార్డ్‌మాస్టర్లు 28 అటాక్స్ వేసినా 4.15. ఫీనిక్స్ గార్డ్ అయితే 1.3, సిగ్గుపడాల్సిన అంకె. టఫ్‌నెస్ 6 రాక్షసుల్ని గాయపరచడానికి లయన్లకి 4+ చాలు, గార్డ్‌కి 6 పడాలి. లైఫ్ విద్యలోని డ్వెల్లర్స్ బిలో మంత్రం పడితే ఆయుధం కలపని సొంత స్ట్రెంగ్త్ 3 ఉన్న మిగతా రెండు యూనిట్లలో సగం మంది మట్టిలో కలుస్తారు, ఏ సేవూ పనిచేయదు. వైట్ లయన్ల సొంత స్ట్రెంగ్త్ 4 కాబట్టి మూడో వంతే పోతుంది. ఇక స్టబర్న్ విలువ ఓడినప్పుడే తెలుస్తుంది. ఎనిమిది వరసల గోబ్లిన్ల ముందు మన మూడు వరసలకి స్టెడ్‌ఫాస్ట్ (ఎక్కువ వరసలున్నవాళ్ళకి ఓడినా ధైర్యం తగ్గని రూల్) దొరకదు, లయన్లకి దాని అవసరమే లేదు. లీడర్‌షిప్ 8 మీద, ఆర్మీ జెండా ఇచ్చే రీరోల్‌తో, పారిపోయే అవకాశం 8 శాతం లోపే.

మరి ఫీనిక్స్ గార్డ్ బలం తక్కువైతే ఏం చేయాలి? బీస్ట్స్ విద్య తెలిసిన మాంత్రికుణ్ణి దగ్గర పెట్టి విస్సన్స్ వైల్డ్‌ఫామ్ వేయించండి. స్ట్రెంగ్త్, టఫ్‌నెస్ చెరొకటి పెరుగుతాయి. అవే కేయాస్ వారియర్ల మీద 5.25 కాస్తా 8.75 అవుతుంది, అచ్చం వైట్ లయన్ల అంకె. పోయేది 3. స్వార్డ్‌మాస్టర్ల మీద వేస్తే 15 దాటి చంపుతారు, కానీ ఆరుగురు పోతారు. ఎదుటివాడు ఆ మంత్రాన్ని రద్దు చేస్తే ఏమవుతుందన్నదే నాకు ముఖ్యం. గార్డ్ నెమ్మదిగా గెలుస్తుంది, స్వార్డ్‌మాస్టర్లు కరిగిపోతారు.

వరల్డ్ డ్రాగన్ బ్యానర్ ఎవరికివ్వాలన్న ప్రశ్న కూడా తరచూ వస్తుంది. మాయా దెబ్బల మీద 2+ వార్డ్ ఇచ్చే జెండాని ఇప్పటికే 4+ వార్డ్ ఉన్నవాళ్ళకి కట్టడం దండగ. లయన్లకివ్వండి. డ్వెల్లర్స్‌ని అది ఆపదని మాత్రం గుర్తుంచుకోండి.

మూడూ స్పెషల్ కోటాలోవే, సైన్యంలో సగానికి మించకూడదు. 2,400 పాయింట్లకి నేనైతే 21 ఫీనిక్స్ గార్డ్‌ని మధ్యలో, ఆర్మీ జెండా మోసేవాణ్ణి వాళ్ళలోనే పెడతాను. ఎడమ పక్క 21 వైట్ లయన్లు, నైట్లనీ రాక్షసుల్నీ వాళ్ళకి వదిలేయాలి. 2010 నాటి ఐలండ్ ఆఫ్ బ్లడ్ పెట్టెలో పది స్వార్డ్‌మాస్టర్లు వచ్చేవాళ్ళు కాబట్టి అవి చాలామంది దగ్గర ఉంటాయి. వాటికి నాలుగు కలిపి ఏడేసి మందిగా రెండు వరసలు చేసి గార్డ్ వెనక, కుడి పక్కన నిలబెట్టండి. గార్డ్ శత్రువుని పట్టుకున్న తర్వాతి టర్న్‌లో వాళ్ళని పక్క నుంచి తోలండి, అంతకుముందు ముందుకు కదపొద్దు.