ఫాస్టాగ్‌కు కళ్లు లేవు

మా చిన్నాన్న శ్రీకాకుళం జిల్లా నరసన్నపేటలో ఉంటారు. ముప్పై ఏళ్లు బడిలో సైన్సు చెప్పి పదవీ విరమణ చేసిన మనిషి. పోయిన వారం పొద్దున్నే ఫోను చేసి, కుశల ప్రశ్నలైనా లేకుండా, "ఒరేయ్, నీ కారు అద్దం మీది స్టిక్కర్ పీకేశావా లేదా?" అన్నారు. సంగతేమిటంటే, మా బంధువుల వాట్సాప్ గ్రూపులో ఒక సందేశం తిరుగుతోంది. మీకూ వచ్చే ఉంటుంది. దాని సారాంశం ఇది: ఫాస్టాగ్‌లో (టోలు కట్టడానికి కారు అద్దానికి అంటించే స్టిక్కర్‌లో) జీపీఎస్ చిప్పు దాచారు, మీరు ఎక్కడ తిరుగుతున్నారో క్షణక్షణం ఢిల్లీకి తెలుస్తుంది. చేతి గడియారంతో ఎవడైనా దాన్ని స్కాన్ చేసి మీ ఖాతా ఊడ్చేయగలడు. ఎలాగూ ఫాస్టాగ్ రద్దయి ఉపగ్రహాల టోలు వస్తోంది. కాబట్టి స్టిక్కర్ తీసి అల్యూమినియం రేకులో చుట్టి దాచుకోండి. కారు లేనివాళ్లు అదృష్టవంతులు, వాళ్ల జాడ ఎవరికీ తెలియదు. చివర మామూలే, పదిమందికి పంపమని.

పంపడానికి అర నిమిషం చాలు. జవాబు రాయడానికి నాకు ఒక ఆదివారం పట్టింది.

ముందు జీపీఎస్ సంగతి. ఆ ఉపగ్రహాలు భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతుంటాయి. మనమెవరో వాటికి తెలియదు. అవి తమ సమయాన్నీ స్థానాన్నీ చాటుతూ పోతాయి, అంతే. కిందనున్న పరికరమే కనీసం నాలుగు ఉపగ్రహాల సంకేతాలు అందుకొని, లెక్క కట్టి, తానెక్కడ ఉన్నదో తెలుసుకుంటుంది. ఆ లెక్కకు కరెంటు కావాలి. తెలుసుకున్నది ఇంకొకరికి చేరవేయాలంటే సిమ్ కార్డు లాంటిదేదో కావాలి. ఫాస్టాగ్‌లో ఉన్నవల్లా పల్చటి లోహపు యాంటెన్నా, నలుసంత చిప్పు. బ్యాటరీ లేదు, సిమ్ లేదు. 2016 నవంబరులో కొత్త రెండువేల నోటులో చిప్పు ఉందని, భూమిలో పాతినా ఉపగ్రహానికి కనిపిస్తుందని చెప్పుకున్నాం కదా. ఆ నోటును 2023లో రిజర్వు బ్యాంకు వెనక్కి తీసుకుంది. చిప్పు మాత్రం ఎవరికీ దొరకలేదు. ఈ సందేశం ఆ కథకు తమ్ముడు.

మరి టోల్‌గేటులో బండి నంబరు ఎలా తెలుస్తోంది? పైనున్న యంత్రం 865 మెగాహెర్ట్జ్ దాటిన రేడియో తరంగాలను కిందికి పంపుతుంది. స్టిక్కర్‌లోని యాంటెన్నా ఆ తరంగాల నుంచే కాసింత శక్తి తీసుకొని చిప్పును లేపుతుంది. చిప్పు తన సంఖ్యను ఆ తరంగం మీదే తిప్పి పంపి మళ్లీ నిద్రపోతుంది. పిల్లలు చేతి అద్దంతో ఎండను గోడ మీదికి కొట్టే ఆట ఉంటుంది చూడండి, ఇంచుమించు అదే. ఎండ లేకపోతే అద్దం ఏమీ చేయలేదు. పది మీటర్లు దాటితే ఈ స్టిక్కరూ అంతే.

అంటే నేను నరసన్నపేట నుంచి బయలుదేరి మడపాం టోల్‌గేటు దాటినప్పుడు ఒక నమోదు పడుతుంది. నాతవలస దగ్గర మరొకటి. నడుమ అరసవల్లి వెళ్లి సూర్యనారాయణ స్వామికి దండం పెట్టుకున్నానా, శ్రీకూర్మం వెళ్లానా, రణస్థలంలో చెట్టు కింద కారు ఆపి నిద్రపోయానా, స్టిక్కర్‌కు తెలియదు. అయితే ఆ రెండు నమోదులూ పుస్తకంలో ఉండిపోతాయి. బండి నంబరు, గేటు పేరు, తేదీ, సమయం. బండి పోయిందని ఫిర్యాదు చేస్తే పోలీసులు వెతికేది ఆ పుస్తకాన్నే. సందేశం రాసినవాడు ఇంతవరకే చెప్పి ఆగి ఉంటే నేను నోరెత్తేవాడిని కాదు. ఎవరు ఆ పుస్తకాన్ని చూడవచ్చు, ఎన్నాళ్లు దాచవచ్చు అన్నవి న్యాయమైన ప్రశ్నలే. గోప్యత ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న చెప్పింది కూడా. కానీ "దేవుడా, చిప్పు!" అన్న కేకలో ఆ ప్రశ్నలు వినపడటం లేదు.

నిజంగా జాడ చెప్పే పరికరం ఎలా ఉంటుందో చూడాలంటే సముద్రం వైపు వెళ్లాలి. 2018 నవంబరులో గుజరాత్‌లోని వేరావల్ నుంచి బోట్లలో కూలికి వెళ్లిన మన జాలర్లు పాకిస్తాన్ చేతికి చిక్కారు. ఎచ్చెర్ల మండలం మత్స్యలేశం లాంటి ఊళ్ల వాళ్లు. నీటి మీద సరిహద్దు గీత కనబడదు. ఇరవై మంది వాఘా దాటి ఇంటిదారి పట్టింది 2020 జనవరి 6న. పదమూడు నెలలకు పైగా ఇళ్లలో ఆడవాళ్లు దరఖాస్తులు పట్టుకొని తిరిగారు. ఆ తరువాత ఇస్రో తయారుచేసిన ట్రాన్స్‌పాండర్లను (కబుర్లు పంపి, అందుకునే పరికరాలను) లక్ష పడవలకు అమర్చే పథకాన్ని, 364 కోట్ల రూపాయల అంచనాతో, 2024 ఆగస్టు 30న మహారాష్ట్రలోని పాల్ఘర్‌లో ప్రారంభించారు. ఫోను సిగ్నల్ అందని దూరం నుంచి కూడా దానితో ఆపదలో ఉన్నామని కబురు పంపవచ్చు, సరిహద్దు దగ్గరపడితే హెచ్చరిక అందుకోవచ్చు. అది పెట్టె. దానికి కరెంటు కావాలి, ఆకాశం వైపు చూసే యాంటెన్నా కావాలి, పడవకు బిగించాలి. కాగితం ముక్కలో పట్టేది కాదు. ఇంకో మాట. మన తీరంలో ఒక తల్లిని అడిగి చూడండి, కొడుకు జాడ తెలియడం శాపమో వరమో.

రెండోది, గడియారం దొంగ. 2022 జూన్‌లో ఒక వీడియో దేశమంతా తిరిగింది. అద్దం తుడిచే పిల్లవాడు చేతి గడియారాన్ని ఫాస్టాగ్ మీద తిప్పి పారిపోతాడు. ఫాస్టాగ్ చెల్లింపులను నడిపే జాతీయ చెల్లింపుల సంస్థ అప్పుడే అది అబద్ధమని ప్రకటించింది. కారణాలు చిన్నాన్నకు ఇలా చెప్పాను. స్మార్ట్ గడియారాలతో చెల్లింపులు చేసే పద్ధతి 13.56 మెగాహెర్ట్జ్ మీద, ఒకటి రెండు అంగుళాల దూరంలో పనిచేస్తుంది. ఫాస్టాగ్ భాష వేరు. ఆకాశవాణి విశాఖపట్నం 927 కిలోహెర్ట్జ్ మీద వచ్చే కార్యక్రమాన్ని ఎఫ్ఎం బ్యాండులో వెతికితే దొరుకుతుందా? పోనీ, ఆ దొంగ టోల్‌గేటులో వాడే అసలు రీడరే సంపాదించాడనుకోండి. వాడికి దొరికేది ఒక సంఖ్య. సొమ్ము స్టిక్కర్‌లో లేదు, బ్యాంకులో ఉంది. అక్కడి నుంచి అది నమోదైన టోల్‌గేటుకో, పార్కింగ్ స్థలానికో మాత్రమే వెళుతుంది. మనిషి నుంచి మనిషికి వెళ్లే దారే ఆ వ్యవస్థలో లేదు.

డబ్బు అన్యాయంగా పోదని మాత్రం నేను అనను. మా బావమరిది కారు పెరట్లో చింతచెట్టు కింద ఉండగానే అతని ఫోనుకు టోలు కోసుకున్నట్టు సందేశం వచ్చింది. ఏ గేటో పేరు అనవసరం. ఎవరి స్టిక్కరో చదవలేకపోతే అక్కడి ఉద్యోగి నంబరు చేత్తో కొట్టాడు, ఒక అంకె తప్పింది. బావమరిది 1033కు ఫోను చేసి, స్టిక్కర్ ఇచ్చిన బ్యాంకుకు ఫిర్యాదు పెట్టాడు. మూడు వారాలు తిప్పించుకొని డబ్బు వెనక్కి ఇచ్చారు. ఇందులో గడియారం లేదు, ఉపగ్రహం లేదు, ఉన్నది మనిషి వేలు. ఇలాంటి కోతలను పట్టుకోవాలంటే నెలకోసారి ఫాస్టాగ్ ఖాతా చూసుకోవాలి. ఆ పని చేసేవాళ్లు మా గ్రూపులో ఇద్దరు.

ఉపగ్రహాల టోలు 2025 మే 1 నుంచి మొదలవుతుందని, ఫాస్టాగులు పనికిరావని అప్పట్లో ఊదరగొట్టారు. దేశమంతటా అలా అమలు చేసే నిర్ణయమేదీ తీసుకోలేదని రహదారుల మంత్రిత్వ శాఖ ఆ ఏప్రిల్‌లోనే స్పష్టం చేసింది. పైగా ఆ ఆగస్టు 15 నుంచి రెండు వందల ప్రయాణాల వార్షిక పాసు ఇస్తున్నారు, అదీ ఫాస్టాగ్ మీదే.

రేకు సలహా గురించి ఎక్కువ చెప్పను. రేకు రేడియో తరంగాలను ఆపుతుంది, నిజమే. అందువల్ల గేటు లేవదు. నగదు ఇస్తే రెట్టింపు టోలు వసూలు చేసేవారు, 2025 నవంబరు 15 నుంచి యూపీఐతో కడితే ఒకటింపావు వంతు. అద్దానికి అంటించకుండా చేత్తో చూపించే స్టిక్కర్లను నిషేధిత జాబితాలో పెడతామని జాతీయ రహదారుల సంస్థ 2025 జూలైలోనే చెప్పింది. ఒకసారి పీకితే మళ్లీ అంటించుకుందామన్నా కుదరదు, చిరిగి పాడయ్యేలాగే దాన్ని తయారుచేశారు.

నాకు ఎక్కువ కోపం తెప్పించినది చివరి ముక్క, కారు లేనివాళ్ల జాడ ఎవరికీ తెలియదన్నది. ఆ సందేశం చదివిన ప్రతి ఒక్కరూ దాన్ని ఫోనులోనే చదివారు! ఫోను ఏ టవరు పరిధిలో ఉన్నదో కంపెనీకి తెలియకపోతే మనకు కాల్ మోగేదెలా? లొకేషన్ మీట ఆపినా ఆ ఏర్పాటు ఆగదు. టోల్‌గేటులో కారు రెండు నిమిషాలు ఉంటుంది, ఫోను దిండు పక్కనే పడుకుంటుంది. రేషను దుకాణంలో బొటనవేలు పెట్టిన తేదీ ఉంటుంది, సమయం ఉంటుంది. ఫాస్టాగ్ నంబరు తెలిస్తే డబ్బు పోదని చెప్పాను. వేలిముద్ర విషయంలో అంత ధైర్యంగా చెప్పలేను. భూమి రిజిస్ట్రేషన్ దస్తావేజుల మీది ముద్రలకు నకళ్లు తీసి, ఆధార్ సంఖ్యతో, వేలిముద్రతో డబ్బు తీసుకునే దారిలో ఖాతాలు ఖాళీ చేసిన కేసులు తెలుగు రాష్ట్రాల్లో నమోదయ్యాయి. స్టిక్కర్ పోతే కొత్తది కొనుక్కుంటాం. వేలు?

శనివారం నరసన్నపేట వెళ్లి ఇదంతా చిన్నాన్నకు చెప్పాను. ఆయన తల ఊపలేదు, వాదించనూ లేదు. "నా పేరు మీద మూడు దస్తావేజులు ఉన్నాయి రా" అన్నారు. ఆయన ఫోనులో ఎం‌ఆధార్ యాప్ దించి వేలిముద్రల లాక్ పెట్టాం. పింఛను కోసం జీవన ప్రమాణ పత్రం ఇచ్చేటప్పుడు దాన్ని కాసేపు తెరవాలని, పని కాగానే అది మళ్లీ మూసి ఉందో లేదో చూసుకోవాలని చెబితే, పిన్ని ఆ రెండు ముక్కలూ కాగితం మీద రాసి క్యాలెండరు పక్కన మేకుకు గుచ్చింది.