గాలికి వదిలేసిన గాలిసంచి గారికి

మహారాజశ్రీ గాలిసంచి గారి సముఖానికి,

వరంగల్ ఏనుమాముల మార్కెట్ వెనక, మిర్చి దాచే ఒక శీతల గిడ్డంగి గోడకు ఇవతల కాపురం ఉంటున్నవాడు నమస్కరించి రాయునది. ఇక్కడ మేమందరం ప్రస్తుతానికి క్షేమం. తమరు క్షేమంగా లేరన్న సంగతి మా డాబా ఎక్కితే కనిపిస్తూనే ఉంది కాబట్టి అడగడం లేదు.

తమరి అసలు పేరు విండ్‌సాక్ అని, గాలి ఎటు వీస్తోందో చూపించడం తమరి పని అని నాకు ఈ మధ్యే తెలిసింది. మా గల్లీ పిల్లలు తమరిని 'లాగు కాలు' అంటారు. గిడ్డంగి కప్పు మీద, ఇనుప కడ్డీ చివర, నారింజ తెలుపు చారల గుడ్డ గొట్టం. ఎవరో లాగు ఆరేస్తే ఒక కాలు గాలికి కొట్టుకుపోయి రెండోది మిగిలిందని వాళ్ల సిద్ధాంతం. మా అమ్మ మాత్రం ఏదో జాతర మొక్కు అనుకుని చాలాకాలం పొద్దున్నే తమరికి దండం పెట్టింది. ఇప్పుడా చారలు లేవు. నారింజ రంగు వెలిసి టీ వడకట్టిన గుడ్డలా అయింది. కింద సగం పీలికలు. ఈ చివర దూరి ఆ చివర బయటికి రావలసిన గాలి నడుమ చిరుగులోంచే జారిపోతోంది. మా అర్జీలదీ అదే దారి కనుక తమరంటే నాకు ఆత్మీయత.

తమరి ఉద్యోగం ఎంత గొప్పదో తెలుసుకున్నాక ఆ ఆత్మీయత గౌరవంగా మారింది. మిర్చి రంగు చెడకుండా ఉండాలంటే గదులు చల్లగా ఉండాలి, గదులు చల్లబడాలంటే గొట్టాల్లో అమ్మోనియా తిరగాలి. మైనస్ 33 డిగ్రీల దగ్గరే మరిగే ద్రవం అది. మరుగుతూ చుట్టూ ఉన్న వేడినంతా లాక్కుపోతుంది. చవక, పనిమంతురాలు, ఓజోన్ పొర జోలికి పోదు. నాకు దాని మీద పగ లేదు. గొట్టంలో ఉన్నంతసేపు అది మా మంచి ఇరుగుపొరుగే. ఏదో ఒక వాల్వు దగ్గర ప్యాకింగ్ అరిగిన రోజున మాత్రం బయటికొస్తుంది. దానికి నీళ్లంటే ప్రాణం. అందుకే మనిషిలో తడి ఎక్కడుంటే అక్కడికి, అంటే కళ్లకు, ముక్కుకు, గొంతుకు, ఊపిరితిత్తులకు వెతుక్కుంటూ వస్తుంది. పది లక్షల పాళ్ల గాలిలో అది 300 పాళ్లకు చేరితే ప్రాణాల మీదికి వచ్చినట్టే. అప్పుడు చేయవలసింది చిన్న పని: ముక్కుకు తడిగుడ్డ అడ్డం పెట్టుకుని, తలెత్తి తమరి వైపు ఒక్కసారి చూసి, గాలి పోయే దారికి అడ్డంగా నడిచి తప్పుకోవడం. ఆ ఒక్క చూపు కోసమే తమరిని అంత ఎత్తున కూర్చోబెట్టారు. జీతం లేదు, సెలవు లేదు, బదిలీ లేదు. ఈ ప్రాంతంలో రాత్రింబవళ్లు విధుల్లో ఉన్న ఏకైక భద్రతాధికారి తమరే.

పోయిన ఏడాది మే నెలలో ఒక రాత్రి తమరి సేవలు అవసరమయ్యాయి. మొదట ఎవరికీ అనుమానం రాలేదు. మిర్చి లారీలు మొదలైన నాటి నుంచి మా గల్లీలో దగ్గు, కళ్ల మంట మామూలే. ఆ రోజుల్లో మా ఇళ్లలో గాలిని కూడా కారం తగ్గించి పీల్చుకోవాలి. "ఎవరో మిరపకాయలు మాడబెట్టారు" అని మా అమ్మ అటు తిరిగి పడుకుంది. కాసేపటికి బస్టాండు మూత్రశాల వాసన గుప్పుమంది. అప్పుడు లేచాం. లేచి, తెలివైన వాళ్లందరూ చేసే పనే చేశాం, మెయిన్ రోడ్డు వైపు పరుగెత్తాం.

గిడ్డంగి మాకు పడమర. మెయిన్ రోడ్డు తూర్పు. ఎండాకాలం, పడమటి గాలి. గాలి ఎటు పోతోందో మేమూ సరిగ్గా అటే పోయాం. అది మమ్మల్ని పొలిమేర దాకా సాగనంపింది, పెళ్లికి వచ్చిన చుట్టాన్ని సాగనంపినట్టు. పక్కనే ఉత్తరం సందులోకి మళ్లి ఉంటే నాలుగు నిమిషాల్లో బయటపడేవాళ్లమని తరువాత తెలిసింది. ఆ రాత్రి తమరి వైపు చూడకపోలేదు. చీకటి. తమరికి దీపం పెట్టించినవారు లేరు. పెట్టించినా లాభం ఉండేది కాదు, ఆ పీలికలు ఎన్నికల ముందు నాయకుడిలా నాలుగు దిక్కులకూ ఒకేసారి ఊగుతున్నాయి. చివరకు వాచ్‌మన్ ఒకాయన మొహానికి తడి తువ్వాలు చుట్టుకుని లోపలికి వెళ్లి వాల్వు తిప్పాడు. నలుగురైదుగురికి కళ్లు వాచాయి. ఒక పసివాడు రెండు రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. వాచ్‌మన్‌కు మా అమ్మ మజ్జిగ ఇచ్చింది. ప్రజల తరఫున జరిగిన సన్మానం అంతే.

మూడో రోజున తనిఖీ వచ్చింది. గేటు దగ్గర ఒక బోర్డు ఉంటుంది, 'ప్రమాదం లేకుండా గడిచిన రోజులు: 1206' అని. ఆ అంకెను ఎనామిల్ పెయింటుతో రాశారు. నేను ఈ ఇంట్లో దిగిన నాడు 1206, గ్యాసు లీకైన నాడు 1206, తనిఖీ నాడు కూడా 1206. వచ్చినవారు దాని ముందు ఒక ఫొటో, మంటలార్పే ఎర్ర సిలిండర్ పక్కన ఒక ఫొటో తీసుకున్నారు. రిజిస్టరులో సంతకాలయ్యాయి. వాహనం ఎక్కబోతూ ఒకాయన కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని పైకి చూసి, "ఆ గుడ్డేమిటి?" అన్నారు.

"దిష్టికండి" అన్నాడు గుమాస్తా.

అయ్యా, ఇంతకూ తమరు ఎవరి అజమాయిషీలో ఉన్నారు? వ్యాపార లైసెన్సు ఒకరిది. అగ్నిమాపక అనుమతి, అంటే ఫైర్ ఎన్వోసీ, ఒకరిది. లోపల పనిచేసేవారి భద్రత ఒకరిది. పొగ, మురుగు ఇంకొకరివి. గ్యాసు సిలిండర్ల నిబంధనలు నాగపూర్‌లో ప్రధాన కార్యాలయమున్న మరొకరివి. అయిదుగురు అల్లుళ్లున్న అత్తగారికి మందుబిళ్ల తెచ్చేవాడు లేనట్టుంది తమరి యోగం. ఆ గోడ వెనక అమ్మోనియా ఎంతుందో చెప్పమని సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టాను. సమాచారం తమ వద్ద లేనివారు సెక్షన్ 6(3) ప్రకారం దాన్ని అయిదు రోజుల్లో సంబంధిత కార్యాలయానికి బదిలీ చేయాలి. చేశారు. అందుకున్నవారూ చేశారు. నాలుగో బదిలీలో నా దరఖాస్తు మొదటి కార్యాలయానికే క్షేమంగా తిరిగి వచ్చింది. చట్టం అక్షరాలా అమలు కావడం అంత దగ్గరగా నేనెప్పుడూ చూడలేదు.

చట్టాలు లేవంటే కళ్లు పోతాయి. 1984లో భోపాల్ గ్యాసు వేలమందిని బలి తీసుకున్నాక 1989లో ప్రమాదకర రసాయనాల నిబంధనలు, 1996లో రసాయన ప్రమాదాల నిబంధనలు వచ్చాయి. ఆ రెండోవి చదువుతుంటే నా కళ్లు చెమర్చాయి, ఈసారి అమ్మోనియా వల్ల కాదు. జిల్లాలో కలెక్టర్ అధ్యక్షతన సంక్షోభ బృందం, అది 45 రోజులకోసారి సమావేశం కావాలి. దాని కింద స్థానిక బృందం, అది నెలనెలా కూర్చోవాలి, ఆరు నెలలకోసారి పూర్తిస్థాయి మాక్ డ్రిల్ చేయాలి. ఆ స్థానిక బృందంలో సర్పంచి, స్థానిక పత్రిక సంపాదకుడు, ఇద్దరు డాక్టర్లు, ఇద్దరు సామాజిక కార్యకర్తలు. ఎవరు రాశారో గానీ మనుషుల మధ్య బతికినవాడే రాశాడు.

చిక్కేమిటంటే ఆ నిబంధనలు టన్నులు చూసి పలకరిస్తాయి. రామగుండంలో అమ్మోనియా, యూరియా తయారుచేసే కర్మాగారం లాంటివి ఆ లెక్కకు వస్తాయి. ఒక్క మిర్చి గిడ్డంగిలో ఉండే అమ్మోనియా అంత దూరం ఎదగదు. యజమాని ఒకడే అయితే 500 మీటర్ల లోపున్న వాటినన్నిటినీ కలిపి లెక్కించాలని 1989 నిబంధనల్లోనే ఉంది. యజమానులు వేరైతే ఎవరి టన్నులు వారివి. మా చుట్టూ ఏడు గిడ్డంగులు, ఏడుగురు యజమానులు, ఏడు చిన్న లెక్కలు. గాలి మాత్రం ఒకటే. తమరు దాన్ని ఏడు ముక్కలుగా విడదీసి చూపించగలిగితే మాకూ గుండె నిబ్బరంగా ఉండేది. గోడకు అటువైపున్న చపాటా మిర్చికి 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ కాయ ఎక్కడ పుట్టిందో దేశానికంతా తెలిసింది. గోడకు ఇటువైపున్న మా ఇళ్ల లెక్క ఏ పట్టికలోనూ పడలేదు.

2018 జులై 4న ఈ నగరంలోనే, కోటిలింగాల దగ్గర బాణసంచా గోదాంలో పేలుళ్లు జరిగి కనీసం పదిమంది పోయారు. దాని మీద వ్యంగ్యం రాయడం నాకు చేతకాదు. ఆ పూట ఆకాశంలోకి లేచిన పొగ ఏ ఇంటి వైపు వంగిందో చూసినవారు మా వీధిలో ఇంకా ఉన్నారు, అంతవరకే చెబుతాను.

ఇక అసలు విన్నపం. తమరికి కొత్త బట్టలు పెట్టాలని మా గల్లీవాళ్లం చందా వేసుకున్నాం. మందపాటి నారింజ గుడ్డ కొని దర్జీ దగ్గరికి తీసుకెళ్లాను. నేను గీసిన బొమ్మ చూసి ఆయన కళ్లజోడు సర్దుకున్నాడు.

"ఒక కాలేనా?"

"ఒకటే."

"కింద కుట్టెయ్యనా?"

"వద్దు. రెండు వైపులా తెరిచే ఉండాలి."

"మరి నడుము కొలత?"

అదే తమరిని అడగడానికి ఈ లేఖ. గిడ్డంగివారు పైకి ఎక్కనివ్వడం లేదు, ఎక్కితే ప్రమాదమట. కొలత తెలిసేదాకా దర్జీ అంచనాతో కుట్టి ఇచ్చిందాన్ని మా డాబా మీద, డిష్ కడ్డీకి కట్టాం. పక్కన ఒక బల్బు వెలుగుతూ ఉంటుంది, కరెంటు బిల్లు నాదే. ఇప్పుడు పడుకునే ముందు ఎదురింటి పెద్దమ్మ కిటికీలోంచి అడుగుతుంది, "కొడుకా, గాలి ఎటుంది?" అని. ఈ రాత్రి పడమటి నుంచే వస్తోంది.

ఇట్లు,
గోడకు తూర్పున ఉండేవాడు