ఆవిరి ఉన్నచోటే కరెంటు తీయనివ్వండి

మిర్యాలగూడలో అయినా, గోదావరి జిల్లాల్లో అయినా ఉప్పుడు బియ్యం మిల్లుకు వెళ్తే కనిపించేది ఒకటే. బాయిలర్‌లో ఊక మండుతుంటుంది, ఆ ఆవిరితో వడ్లు ఉడుకుతుంటాయి, డ్రయర్లు తిరుగుతుంటాయి. మోటార్లకు కరెంటు మాత్రం చాలా మిల్లుల్లో డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) నుంచే రావాలి, నెల తిరిగేసరికి బిల్లు లక్షల్లో వస్తుంది. ఇంకో విడ్డూరం ఉంది. చాలా ఫ్యాక్టరీల్లో బాయిలర్ నుంచి పది బార్ల ఒత్తిడితో వచ్చిన ఆవిరిని మూడు బార్లకు దించడానికి పీఆర్‌వీ అనే వాల్వ్ పెడతారు. మధ్యలో ఆ ఒత్తిడంతా ఉత్తపుణ్యానికి పోతుంది. వాల్వ్ స్థానంలో చిన్న బ్యాక్‌ప్రెషర్ టర్బైన్ పెట్టుకుంటే, అదే ఆవిరి దారిలో కొంత కరెంటు ఇచ్చి, తర్వాత వెళ్లి వడ్లు ఉడకబెడుతుంది. ఇదే కోజనరేషన్, ఫ్యాక్టరీ వాళ్ల మాటలో కోజెన్.

మామూలు బొగ్గు కేంద్రంలో మండించిన వేడిలో కరెంటుగా మారేది మూడో వంతు కంటే కాస్త ఎక్కువ, మిగతాదాంట్లో చాలావరకు కూలింగ్ టవర్ల మీదుగా గాలిలో కలిసిపోతుంది. ఆ వేడి కావలసిన ఫ్యాక్టరీ పక్కనే ఉంటే ఇంధనంలో 65 నుంచి 80 శాతం దాకా పనికొస్తుంది. ఇదేమీ కొత్త విషయం కాదు. చక్కెర మిల్లులు చెరకు పిప్పితో, సారపాక, రాజమండ్రి కాగితం మిల్లులు కలప ఉడికించాక మిగిలే నల్ల ద్రవం, అంటే బ్లాక్ లిక్కర్‌తో ఎప్పటినుంచో చేస్తున్నదే. 2003 విద్యుత్ చట్టంలోని 86(1)(ఇ) సెక్షన్ కూడా కోజనరేషన్‌ను ప్రోత్సహించడం కరెంటు ధరలు నిర్ణయించే రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండళ్ల పని అని చెప్పింది. మరి ఎందుకు పెరగడం లేదు? యజమానుల బద్ధకం కొంత ఉంది, కాదనం. కానీ అసలు అడ్డం కరెంటు లెక్కల్లోనే ఉందని మా అభిప్రాయం.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో జరిగింది గుర్తు చేసుకుందాం. 1997లో ప్రభుత్వం చక్కెర మిల్లులను, ఊక ప్లాంట్లను రమ్మని పిలిచింది, కరెంటును బయటివాళ్లకు అమ్ముకోవచ్చంది. 2001లో నియంత్రణ మండలి బయట అమ్మడానికి వీల్లేదు, ప్రభుత్వ విద్యుత్ సంస్థ ట్రాన్స్‌కోకే ఇవ్వాలంది. ధర యూనిట్‌కు 2.25 రూపాయలు, 1994-95 నుంచి లెక్కగట్టి ఏటా 5 శాతం పెంపు. 2004లో ఆ ధరనూ తగ్గించింది. గొడవ కోర్టులకెక్కింది. 2010లో సుప్రీంకోర్టు, ఉత్పత్తిదారుల మాట మళ్లీ విని ధర తేల్చమని మండలికే పంపింది. బ్యాంకు అప్పుతో టర్బైన్ కొన్నవాడికి ఈ పదమూడేళ్లు ఎలా గడిచి ఉంటాయో ఆలోచించండి. ఆ కథ విన్నవాడు మళ్లీ అప్పు చేసి టర్బైన్ కొంటాడా?

దాని మీద గ్రిడ్ సపోర్ట్ చార్జీ ఒకటి, సొంత ప్లాంటును గ్రిడ్‌కు కలిపి నడుపుకున్నందుకు కట్టేది. 2002 నాటి ఆదేశం ప్రకారం, సొంత ప్లాంటు సామర్థ్యంలోంచి డిస్కంతో ఒప్పందం చేసుకున్న లోడును (డిమాండ్‌ను) తీసేసి, మిగిలినదానికి ఆ లోడు మీద వేసే డిమాండ్ చార్జీలో సగం కట్టాలన్నారు. విశాఖలో వృథా వేడితో కరెంటు తీసే రెయిన్ కాల్సైనింగ్ కంపెనీ పేరుతో నడిచిన కేసులో, మండలికి ఆ చార్జీ వేసే అధికారం ఉందని 2019లో సుప్రీంకోర్టు తేల్చింది. అధికారం గురించి మాకు పేచీ లేదు, లెక్క గురించే. ఏడాదిలో నాలుగైదు నెలలు మాత్రమే క్రషింగ్ ఉండే చక్కెర మిల్లుకు వాడకం చూడకుండా ప్లాంటు సైజును బట్టి చార్జీ వేస్తే ఎవరు ముందుకొస్తారు?

డిస్కంల బాధ కూడా అబద్ధం కాదు. వ్యవసాయానికి ఉచిత కరెంటు ఇస్తున్నాం, ఆ లోటులో కొంత పరిశ్రమల టారిఫ్ నుంచే పూడుతోంది. మంచి బిల్లు కట్టే మిల్లు సొంతంగా కరెంటు తీసుకుంటే ఆ మేరకు గండి పడినట్టే. ఈ మాట పైకి అనరు గానీ, ప్రతి కోజెన్ దరఖాస్తు వెనకాల ఈ భయమే ఉంటుంది. రైతు ఉచిత కరెంటు ఖర్చు ప్రభుత్వం నేరుగా, టైముకి కట్టేస్తే ఆ భయం సగం తగ్గుతుంది. ఇక సోలార్ చవగ్గా వస్తుంటే మీ కరెంటెందుకనే వాదన వింటూనే ఉన్నాం. సోలార్ ప్లేటు వడ్లు ఉడకబెట్టదు, సాయంత్రం ఏడింటికి కరెంటూ ఇవ్వదు.

కాబట్టి చేయాల్సినవి ఉన్నాయి. ముందుగా, టర్బైన్ చెడిపోయినప్పుడు తీసుకునే స్టాండ్‌బై కరెంటుకు వేరే మీటరు పెట్టి, తీసుకున్న రోజులకు గట్టి ధరే వసూలు చేయండి, ఎవరూ కాదనరు. తీసుకోని రోజులకు వేయకండి. పిప్పి, ఊక ధరలు పంటను బట్టి మారతాయి కాబట్టి కొనుగోలు ధర కూడా వాటిని బట్టి మారేలా ముందే రాసుకోవాలి. పంట సంగతీ మరిచిపోకూడదు, బోధన్‌తో సహా మూడు నిజాం షుగర్స్ యూనిట్లు 2015 చివర్లో మూతపడ్డాయి, చెరకు లేనిచోట కోజెన్ గురించి మాట్లాడుకోవడం వృథా.

మాకు ఎక్కువ ఆశ కనిపిస్తున్నది పారిశ్రామికవాడల్లో. పరవాడ ఫార్మాసిటీ, పటాన్‌చెరు, జీడిమెట్ల లాంటి చోట్ల ఎవరి బాయిలర్ వాళ్లది, ఎవరి పొగ వాళ్లది. ఒక పెద్ద బాయిలర్, ఒక టర్బైన్, అక్కడి నుంచి ఫ్యాక్టరీలకు ఆవిరి పైపులు వేస్తే ఇంధనం మిగులుతుంది, పొగ గొట్టాలు తగ్గుతాయి. ఆవిరి అమ్మడానికి విద్యుత్ లైసెన్సు అవసరం లేదు. కరెంటు దగ్గరే చిక్కు, అది గ్రూప్ క్యాప్టివ్‌గా, అంటే కొందరు కలిసి సొంత వాడకానికి పెట్టుకున్న ప్లాంటుగా లెక్కకు రావాలంటే అందులో వాడేవాళ్లకు కనీసం 26 శాతం వాటా ఉండాలి, ఏడాది ఉత్పత్తిలో 51 శాతం వాళ్లే వాడాలి. పది చిన్న కంపెనీల మధ్య ఈ వాటాల బేరం తెగదు. రెండు రాష్ట్రాల పారిశ్రామిక మౌలిక వసతుల సంస్థలు ఏపీఐఐసీ, టీజీఐఐసీ మధ్యలో ఉండి వాళ్లందరికీ ఒక ఉమ్మడి కంపెనీ పెట్టించి, పైపుల ఖర్చులో మొదటి విడత భరిస్తే తెగుతుంది.

ఇందుకు కొత్త సర్వే కూడా అక్కర్లేదు. రెండు రాష్ట్రాల బాయిలర్ల శాఖల దగ్గర రిజిస్టరైన ప్రతి బాయిలర్ సామర్థ్యం, ఒత్తిడి రాసి ఉన్నాయి. అందులో పీఆర్‌వీ పెట్టుకుని ఒత్తిడి పారేసుకుంటున్న వాటి జాబితా తీయించి, చక్కెర మిల్లుల్లో వచ్చే క్రషింగ్ సీజన్ మొదలయ్యేలోపు ఇంధన శాఖల బల్ల మీద పెట్టించాలని ఇద్దరు ముఖ్యమంత్రులనూ కోరుతున్నాం.