మొత్తం నేలమట్టానికి కోసేయకండి

చలికాలం చివర బెర్రీ పొదలన్నిటినీ నేలమట్టానికి కోసేయమని వ్యాసంలో రాశారు. హెరిటేజ్ లాంటి రాస్ప్‌బెర్రీ రకాలకి అది సరిపోతుంది, అది ఆ ఏడాది మొలిచిన కొమ్మ మీదే చలికాలం ముందు కాస్తుంది. కానీ అమెరికాలోని మా ఆరెగాన్ రాష్ట్రంలో పెరళ్లలో పెంచే మేరియన్‌బెర్రీ అలా కాదు. అది బ్లాక్‌బెర్రీలో ఒక రకం. ఈ ఏడాది మొలిచిన తీగ వచ్చే ఏడాదే పూస్తుంది, ఒకసారి కాసి చచ్చిపోతుంది. ఫిబ్రవరిలో అంతా కొట్టేస్తే ఆ వేసవికి ఒక్క పండు కూడా దక్కదు. దయచేసి ఈ తేడా వ్యాసంలో చేర్చండి, లేకపోతే కొత్తగా పెంచేవాళ్లకు ఏడాది కష్టం వృథా అవుతుంది.

ఏది కోయాలో అని టెన్షన్ అక్కర్లేదు. కాపు అయ్యాక చూడండి: కాసిన తీగ గోధుమరంగుకు తిరిగి గట్టిపడి ఉంటుంది, పండ్లు తెంపిన తొడిమలు ఇంకా దానికే ఉంటాయి. కొత్తది ఆకుపచ్చగా, మొదలు నుంచి నేరుగా వస్తుంది. మేం ఆగస్టులో పాతవాటిని మొదలంటా కోసి, కొత్తవాటిని వైర్ల మీదికి పాకిస్తాం. ముళ్లు బట్ట గ్లవుజుల్లోంచి కూడా దిగుతాయి, తోలువే వాడండి. అన్నట్టు, ఈ పండ్ల పులుపుకి పచ్చడి చాలా బాగా కుదురుతుంది, చింతపండు వేయక్కర్లేదు.